పెద్దల్ని అడిగేదెవరు?

ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తేదీన గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి వృద్ధాప్య పింఛనుదారుల ఇంటికే వస్తాడు. వేలిముద్ర తీసుకుని, 4,000 రూపాయలు చేతిలో పెట్టి పక్కింటికి కదులుతాడు. ఆ పూట అతని పని పంపిణీ, కష్టం అడగడం కాదు. అడిగినా నిజం చెబుతారని నేననుకోను. పింఛనిచ్చే చేతికి లోటు చెప్పుకుంటే పేరు కొట్టేస్తారేమోనన్న భయం ఉంటుంది.

అందుకే ఎవరు అడుగుతున్నారన్నది ముఖ్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006-07లో 33 నగరాల్లో దాదాపు 1,500 మంది పెద్దల్ని కూర్చోబెట్టి, మీ ఊళ్లో బతకడం ఎలా ఉందని అడిగింది. మన దేశం నుంచి ఢిల్లీ, ఉదయ్‌పూర్ ఉన్నాయి. తెలుగు నగరం ఒక్కటీ లేదు. 2017-18లో మొదలైన జాతీయ వృద్ధాప్య సర్వే 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా జనాన్ని పలకరించింది. విలువైన పనే. కానీ ప్రశ్నలు నిపుణులవి, జవాబు మాత్రమే పెద్దలది. పైగా అది రాష్ట్రం సంగతి చెబుతుంది, మన వీధి సంగతి చెప్పదు.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మరో అడుగు వేసింది. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకురాలు టీనే బఫెల్ 18 మంది పెద్దలకు శిక్షణ ఇచ్చి వాళ్లనే సహపరిశోధకులుగా తీసుకున్నారు. ఏం అడగాలో తేల్చడంలో వాళ్లున్నారు, వచ్చిన జవాబుల్ని విప్పి చూడడంలోనూ ఉన్నారు. వాలీ రేంజ్, చోర్ల్‌టన్ ప్రాంతాల్లో పేదరికంతోనో ఒంటరితనంతోనో ఎవరి కంటా పడకుండా బతుకుతున్నవాళ్లను వెతికి, 68 మందితో మాట్లాడారు. 2015లో ఆ అనుభవాలు పుస్తకంగా వచ్చాయి.

మనకిది ఎందుకంటే, దారిలో మరుగుదొడ్డి దొరకదన్న భయంతో బస్సెక్కడమే మానేసిన ముసలమ్మ ఆ మాట ట్యాబ్ పట్టుకొచ్చిన పాతికేళ్ల కుర్రాడితో అనదు. అరుగు మీద పక్కన కూర్చున్న డెబ్బై ఏళ్ల ఆవిడతో అంటుంది. కోడలు వింటున్నప్పుడు మందుల ఖర్చు గురించి నోరు విప్పని తాతయ్య, తన ఈడువాడితో గుడి మెట్ల మీద విప్పుతాడు.

అలా అడగగలిగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పొదుపు సంఘాల్లో చేరిన ఆడవాళ్లు ఎందరో ఇప్పుడు అరవై దాటారు. సమావేశం నడపడం, లెక్క చూడడం, పదిమంది మాట వినడం వాళ్లకు కొత్త కాదు. ఒక్కో మండలంలో పదిమందిని తీసుకుని, నాలుగు రోజులు నేర్పి, రోజు కూలి, దారి ఖర్చులు ఇవ్వాలి. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకే ముందు పంపాలి. నివేదిక కలెక్టరు బల్ల మీదికి చేరకముందే, జవాబులిచ్చినవాళ్ల ఎదుట రచ్చబండ దగ్గర చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్లే దిద్దుతారు.