"అత్యాశ" అని తిట్టే ముందు ఆ ఆట ఎలా పని చేస్తుందో చూద్దాం

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన హాస్టళ్లలో ఎవరైనా బెట్టింగ్‌లో డబ్బులు పోగొట్టుకున్నాడని తెలిస్తే మొదట వచ్చే మాట "అత్యాశ". తర్వాత "అమ్మానాన్న కూలికి పోయి పంపిస్తే వీడు చేసే పని ఇదా" అంటారు. ఈ రెండు మాటలతో మాకు పేచీ ఉంది. తప్పు చేసినోణ్ని వెనకేసుకు రావడానికి కాదు. ఆ మాటలు వాణ్ని బయటికి లాగవు, ఇంకా లోపలికి తోస్తాయి, అందుకు.

సంతలో గుండాట, సంక్రాంతికి కోడిపందెం మనకు కొత్త కాదు. వాటివల్ల గుల్లయిన ఇళ్లూ ఉన్నాయి. కానీ పొద్దుగూకితే సంత లేస్తుంది, కోడి పడితే పందెం అయిపోతుంది. జేబు ఖాళీ అయితే ఇంటికి నడవాల్సిందే, ఆ నడకలో బుర్ర కాస్త చల్లబడుతుంది. ఫోన్‌లో ఆ నడక లేదు. రాత్రి రెండింటికి దుప్పట్లో కూడా నిమిషానికో పందెం నడుస్తుంది.

స్కిన్నర్ అనే అమెరికా మానసిక శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. ముక్కుతో మీట పొడిస్తే గింజ వస్తుంది. ఇన్నిసార్లకు ఒక గింజ అని లెక్క ఉంటే, గింజ ఆగిపోయాక పావురం త్వరగానే మానేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా ఇస్తే మాత్రం, గింజ ఆగిపోయినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. బెట్టింగ్ యాప్ నడిచేది ఈ సూత్రం మీదే. అప్పుడప్పుడు వచ్చే గెలుపే వల.

"మేము చదువుకున్నోళ్లం, క్రికెట్ మాకు తెలుసు" అనే తమ్ముళ్ల కోసం ఇంకోటి. 1975లో ఎలెన్ లాంగర్ ఒక ప్రయోగం అచ్చు వేసింది. ఒక డాలర్ లాటరీ టికెట్‌ను కొందరికి చేతికిచ్చారు, కొందర్ని ఏరుకోమన్నారు. తిరిగి అమ్మమంటే చేతికిచ్చినోళ్లు దాదాపు 2 డాలర్లు అడిగారు, ఏరుకున్నోళ్లు 8 డాలర్ల పైనే అడిగారు. గెలిచే అవకాశం ఇద్దరికీ ఒకటే! తాను ఎంచుకున్నది కాబట్టి తన చేతిలో ఉందనుకోవడం, అంతే. ఐపీఎల్ టీమ్ ఎంచుకున్నప్పుడు కూడా జరిగేది ఇదే.

అసలు ముంచేది మాత్రం పోయింది రాబట్టుకోవాలనే తపన. వెయ్యి వస్తే కలిగే సంతోషం కంటే వెయ్యి పోతే కలిగే బాధ ఎక్కువని కాహ్నెమాన్, ట్వర్‌స్కీ 1979లోనే రాశారు. నష్టంలో ఉన్న మనిషి మామూలుగా చెయ్యని సాహసం చేస్తాడు. అందుకే 500 పోయినోడు 2000 పెడతాడు. అది ఆశ కాదు, భయం. ఇంట్లో తెలిసే లోపు సరిచేయాలన్న భయం.

మన పిల్లల దగ్గర ఈ భయం రెట్టింపు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కింది వాడే. స్కాలర్‌షిప్ నెలనెలా రాదు, ఎప్పుడో ఒకేసారి పడుతుంది. అప్పటిదాకా అప్పులు. పడిన రోజు చేతిలో ఎన్నడూ చూడనంత డబ్బు. అందుకే అంతా బుర్రలోని జబ్బే అంటే మేము పూర్తిగా ఒప్పుకోము. స్కాలర్‌షిప్ ఆలస్యం కూడా ఈ కథలో ఉంది, సంఘాలు అది కూడా అడగాలి. జబ్బు కాదనడానికీ లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో జూదాన్ని మద్యం, మత్తు పదార్థాల వ్యసనాల వరసలో చేర్చింది.

చట్టాలున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా లింకులు వస్తూనే ఉన్నాయి.

సీనియర్లను మేము అడిగేది ఒక్కటే. ఎవడైనా అప్పు అడిగితే "దేనికిరా" అని గదమాయించకుండా, పక్కకు పిలిచి "ఎంత పోయింది తమ్ముడూ" అని అడగండి. అంకె ఒకసారి నోటితో బయటికి చెప్పగలిగితే రాబట్టుకునే పరుగు కొంత ఆగుతుంది. చేతికి డబ్బు ఇవ్వొద్దు, మెస్ బిల్లు ఉంటే మీరే కట్టండి. ఇంటికి ఫోన్ చెయ్యాల్సి వస్తే పక్కన కూర్చోండి. వాడు ముభావంగా ఉన్నా, చచ్చిపోతా అన్నా, ఒంటరిగా వదలొద్దు. టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఈరోజే మీ హాస్టల్ నోటీసు బోర్డు మీద రాయండి.