ప్రేమ నవలకు కులం లేదా?

డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఆ మధ్య నన్ను ఒక ప్రశ్న అడిగింది. ‘సార్, మంచి ప్రేమ నవలలు ఏమన్న ఉంటె చెప్పండి. కానీ లాస్టుకు ఎవ్వలు సచ్చిపోవద్దు’. మొదట నవ్వొచ్చింది. జాబితా చెప్పబోయేసరికి ఆ నవ్వు నిలవలేదు. ప్రేమికులు చివరిదాకా బతికే నవలలు మన భాషలో కోకొల్లలు. అయితే ఆ ప్రేమికుల కులమేమిటో ఆ నవలలు చెప్పవు. కులం పేరు ధైర్యంగా చెప్పిన రచనలూ ఉన్నాయి. వాటిలో మాత్రం ఆ జంట బతికి బట్టకట్టడం అరుదు. ఆ అమ్మాయి అడిగింది సాహిత్యానికి సంబంధించిన ప్రశ్నే అయినా, ఉత్తర తెలంగాణ గడ్డ మీద అది సాహిత్యం దగ్గరే ఆగిపోదు.

2017లో మంథని ప్రాంతంలో ఒక దళిత యువకుడి అనుమానాస్పద మృతి ప్రేమ వ్యవహారంతో ముడిపడి రాష్ట్రమంతటా చర్చకు వచ్చింది. 2018లో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య కళ్లెదుటే ఒక దళిత యువకుడిని నరికి చంపారు. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు విధించింది. మన ఊళ్లలో ప్రేమకు ప్రధాన శత్రువు ఎవరో తెలియనివారు లేరు. మరి మన ప్రేమ నవలలో ఆ శత్రువు ఎందుకు కనిపించడు?

తెలుగు ప్రేమ నవలకు పెద్దదిక్కు యద్దనపూడి సులోచనారాణి. 1960లలో వచ్చిన ‘సెక్రటరీ’ని, 1976లో అది సినిమా అయ్యేనాటికి, ఇంటింటా చదివారు. జయంతికీ రాజశేఖరానికీ మధ్య నిలిచినవి హోదా, ఆత్మాభిమానం, అపార్థం. ఉద్యోగం చేసుకుని తలెత్తుకు తిరిగే యువతిని నాయికగా నిలిపినందుకు ఆ నవలకు మనం రుణపడే ఉన్నాం. అద్దె పుస్తకాల దుకాణాల నుంచి తెచ్చుకుని చదివిన మన అక్కలకు, అమ్మలకు అది కొత్త గాలి. అయితే ఆ మేడలో, ఆ పొడవాటి కారులో, ఆ సంబంధాల మాటల్లో కులం చెప్పకుండానే ఉంది. పేదరికం దాటగలిగిన గీత. కులం మాత్రం కథలోకే రాని గీత. చెప్పని కులం ఎప్పుడూ పై కులమే అవుతుందని పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇవాళ సెల్‌ఫోన్లో ప్రతిలిపి వంటి వేదికల మీద సాగే ధారావాహికల్లోనూ సీఈవో నాయకుడు, ఒప్పందపు పెళ్లి, కోపిష్టి బావ ఉన్నారు. కారు మోడల్ మారింది, కులం మీద మౌనం మారలేదు.

ఆ మౌనాన్ని జనాదరణ పొందిన నవలలోనే బద్దలు కొట్టిన రచయిత్రి రంగనాయకమ్మ. ‘బలిపీఠం’లో మరణం అంచున ఉన్న బ్రాహ్మణ వితంతువు అరుణకు ముత్తయిదువుగా పోవాలన్న కోరిక. ఆ కోరిక తీర్చడానికి దళిత యువకుడు భాస్కర్ ఆమెను పెళ్లాడతాడు. ఆమె బతుకుతుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. ప్రాణం పోసుకున్న మనిషిలో కులాహంకారం కూడా ప్రాణం పోసుకుని కాపురాన్ని ఎట్లా తొలిచేస్తుందో ఆ నవల నిర్దాక్షిణ్యంగా చూపింది. 1975లో సినిమాగానూ వచ్చిన ఈ నవలను నేటి యువత చదవాలి. అయితే ఒక మాట గమనించాలి. ఆ పెళ్లికి పునాది జాలి, ఆదర్శం. ఒక దళిత యువకుడిని అతడి రూపానికో మాటకో మనసుకో మోహించి ప్రేమించిన నాయిక అందులో కూడా లేదు.

చరిత్ర నేపథ్యంగా గల ప్రేమకథ కావాలంటే దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ ఉంది. పోలీసు చర్యకు ముందటి తెలంగాణ గడీలో దొర కూతురు మంజరికీ, సంగీతజ్ఞుడు పాణికీ మధ్య అనురాగం అందులో ఒక పాయ. దాని పక్కనే ఆడబాపల బతుకు నడుస్తుంది. ఒకే గడీలో ఒక స్త్రీకి ప్రేమించే అవకాశం, మరొక స్త్రీకి కాదనే హక్కు కూడా లేకపోవడం ఈ నవల చూపే చేదు నిజం. తిరుగుబాటు ప్రేమ కావాలంటే చలం ‘మైదానం’ ఉండనే ఉంది. 1927 నాటి ఆ నవలలో రాజేశ్వరి కులాన్ని, మతాన్ని, కాపురాన్ని ఒక్క అడుగులో దాటింది. కానీ ఆ మైదానంలోనూ చివరికి నెత్తురే పారింది.

దళితవాడలోనూ వెన్నెల కాస్తుందని, అక్కడి స్త్రీపురుషులకూ విరహం ఉంటుందని చెప్పిన నవల జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’. పాట కట్టే ఎల్లన్న, అతడి సుభద్ర తెలుగు ప్రేమ సాహిత్యంలో ఏ జంటకూ తీసిపోరు. కథలు ఇష్టపడేవారు మానస ఎండ్లూరి ‘మిళింద’ చదవవచ్చు. దళిత క్రైస్తవ స్త్రీల మనసును విప్పిన ఆ సంపుటికి 2020లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం లభించింది. పొరుగు భాషలకు వెళితే, తమిళంలో పెరుమాళ్ మురుగన్ 2013లో రాసిన ‘పూక్కుళి’ ఉంది. వేరే కులపు పిల్లను పెళ్లాడి సొంతూరికి తెచ్చుకున్న యువకుడి కథ అది. ఊరి ద్వేషం మంటల దాకా పోతుంది. ఆదిలాబాద్‌కు సరిహద్దు అవతల, మహారాష్ట్రలో తీసిన ‘సైరాట్’ సినిమా 2016లో ఎట్లా ముగిసిందో చూసినవారెవరూ మరిచిపోలేరు.

ఇదీ మన ముందున్న పరిస్థితి. ఒక అరలో కులం లేని ప్రేమ, పెళ్లి పందిరి. మరో అరలో కులం ఉన్న ప్రేమ, పాడె. ఈ రెండు అరలనూ చదివి పెరిగిన యువతకు సాహిత్యం ఏం నేర్పినట్టు? కులంలోనే ప్రేమించు, సుఖంగా ఉంటావు. గీత దాటావో, చస్తావు. అటువంటి ఉద్దేశం ఏ రచయితకూ లేకపోయినా, జాబితా మొత్తంగా చెప్పే నీతి అదే. కుల పెద్దలు చెప్పేదీ అదే కదా!

ఉత్తర తెలంగాణ రచయితలు ఈ లోటు ఎందుకు తీర్చలేదన్నది న్యాయమైన ప్రశ్న. 1978 జగిత్యాల జైత్రయాత్ర, 1981 ఇంద్రవెల్లి కాల్పులు చూసిన నేల ఇది. అల్లం రాజయ్య ‘కొలిమి అంటుకున్నది’, సాహుతో కలిసి రాసిన ‘కొమురం భీం’ ఈ నేల కోపాన్ని అక్షరాల్లో నిలిపాయి. గడీ కింద నలిగిన చోట కింది కులాల స్త్రీ మీద దొర కోరిక ప్రేమ కాదు, అది వెట్టిలో ఒక భాగం. ఆ అనుభవం నుంచి వచ్చిన రచయిత ముందు భూమి గురించి, కూలి గురించి, బొగ్గుబావి గురించి రాయడం సహజం. ప్రేమ తీరిక ఉన్నవారి వ్యవహారమని ఉద్యమ సాహిత్యం అనుకుంది. ఆ ఖాళీని వారపత్రికల మేడలు నింపాయి.

ఆదిలాబాద్ ఏజెన్సీలో ప్రశ్న మరింత చిక్కైనది. గోండులలో సగల కట్టుబాటు ఉంది; ఒకే సగకు చెందినవారు అన్నదమ్ములతో సమానం, పెళ్లి చేసుకోరాదు. అది వారి లోపలి నియమం. బయటి నుంచి వచ్చే ప్రేమ సంగతి వేరు. గిరిజనేతరులకు భూబదిలీని నిషేధించిన 1970 నాటి ఒకటో నంబరు నిబంధన, అంటే 1/70 వచ్చాక, ఆదివాసీ యువతిని పెళ్లాడి ఆమె పేరున భూమి చేజిక్కించుకుంటున్నారన్న ఆరోపణలు కొత్తవి కావు. కులాంతరమైన ప్రతి ప్రేమా విప్లవం కాదని, ఏది అనురాగమో ఏది ఆక్రమణో విడమరచి చూపాలని నిజాయితీ గల నవలాకారుడికి ఈ నేలే చెబుతుంది.

కథావస్తువుకు కరువు లేదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి కార్మిక వాడల్లో అన్ని కులాలవారూ గోడకు గోడ ఆనించుకుని బతుకుతున్నారు. శాతవాహన విశ్వవిద్యాలయంలో, బాసర ట్రిపుల్ ఐటీలో, సంక్షేమ హాస్టళ్లలో వివిధ కులాల పిల్లలు మొదటిసారి ఒకరినొకరు తెలుసుకుంటున్నారు. గల్ఫ్‌కు పోయిన యువకుడి కోసం ఫోన్ పట్టుకుని రాత్రిళ్లు మేలుకునే యువతి జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఉంది. ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి, ఆ 30 రోజులు ఇంట్లోవారికి తెలియకుండా గడపాల్సిన జంట భయం కంటే ఉత్కంఠభరితమైన కథ ఏముంటుంది? ఆ గీత దాటి కాపురాలు నిలుపుకున్నవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వారి పిల్లలు బడికి పోతున్నారు. వారి కథ మాత్రం ఏ అరలోనూ లేదు.

వినోదం కోసం చదివే నవలలోకి కులాన్ని ఎందుకు లాగుతారని కొందరంటారు. లాగనవసరం లేదు, అది అక్కడే ఉంది. ఇంటిపేరులో, వంటింట్లో, ‘మనవాళ్లేనా’ అన్న మేనత్త ఆరాలో ఉంది. కులాంతర వివాహమే అసలైన మందు అని అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించారు. దళితులను కులాంతర వివాహం చేసుకున్న జంటలకు ఇచ్చే ప్రోత్సాహకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2019లో రూ.50 వేల నుంచి రూ.2.5 లక్షలకు పెంచింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవారి పెళ్లిలో జోక్యం చేసుకునే అధికారం ఏ పంచాయితీకీ లేదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. చట్టం ఆ జంట బతకాలని కోరుతోంది. కల్పన అంత మాత్రం కూడా కోరలేదా?

ఆ విద్యార్థినికి నేను ‘బలిపీఠం’, ‘చిల్లర దేవుళ్లు’, ‘అంటరాని వసంతం’, ‘మిళింద’ పేర్లు రాసిచ్చాను. ఆమె పెట్టిన షరతుకు ఆ చీటీ పూర్తిగా సరిపోదని కూడా చెప్పాను. కులం పేరు చెప్పి, జంటను బతికించి, వారికి ముసలితనం దాకా కాపురం ఇచ్చే నవల ఈ నేల నుంచి రావాలి. దాన్ని మనవైపు భాషలో, మనవైపు ఊళ్ల పేర్లతో రాయగల కలాలు కరీంనగర్, ఆదిలాబాద్ యువతలో ఉన్నాయి. ప్రచురణకర్తలు, పత్రికలు, గ్రంథాలయ సంస్థలు వాటికి చోటివ్వాలి. ‘చివర ఎవ్వరూ చావద్దు’ అని ఒక పాఠకురాలు అడిగినప్పుడు, ఆమె నవల గురించి మాత్రమే అడగడం లేదని గుర్తించాల్సిన బాధ్యత మనందరిదీ.