పెరటి దడి పంతం కాదు

మా నర్సీపట్నంలో హద్దు గొడవొచ్చి పక్కింటివాళ్లు మధ్యనున్న పాత తాటాకు దడి పీకేశారు. సర్వేయరు వచ్చి కొలిచి, రాళ్లు పాతించి వెళ్లాడు. "గొడవ తీరిపోయింది" అన్నారు మగవాళ్లు. వాళ్లకి తీరింది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోవాలన్నా, నైటీలో అంట్లు తోమాలన్నా, లోపలి బట్టలు ఆరేయాలన్నా పక్క మేడ మీద ఎవరున్నారోనని చూసుకోవాల్సింది నేను.

మావారికి చెబితే "నిన్నెవరు చూస్తారు?" అన్నారు. చూస్తున్నారా లేదా అన్నది కాదండీ, నా పెరట్లో నేను నిశ్చింతగా ఉండాలి కదా!

ఇది ఆడవాళ్ల చాదస్తం కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 18వ సెక్షన్ ఆచారం వల్ల వచ్చే హక్కులకి ఇచ్చిన ఉదాహరణల్లో ఇదొకటి: ఊళ్లో ఆ ఆచారం ఉంటే, పక్కింటివాళ్ల చాటు పోయేలా కొత్త కిటికీ పెట్టకూడదు.

నేను కోర్టుకెళ్లలేదు. మా హద్దులో అడుగు వదిలి గోరింట కొమ్మలు నాటాను. అవి ఎదిగేదాకా వెదురు తడిక, దానిమీద తీగబచ్చలి. "మళ్లీ గొడవ మొదలెట్టింది" అంటున్నారు. అననివ్వండి.

జానెడు నేల కోసం ఏళ్లు కొట్లాడే ఇళ్లలో ఆడవాళ్ల చాటు గురించి ఒక్క పూట మాట్లాడరా? కొలతలప్పుడు మనల్నీ పిలవాలి. పిలవకపోతే మనమే వెళ్లి నిలబడాలి.