మార్కుల సెక్షన్లును గురుధర్మమును

విద్యార్థుల మానసికారోగ్యమును గూర్చి సర్వోన్నత న్యాయస్థానము 2025 జూలై 25వ తేదీన పదునైదు ఆదేశముల నొసంగినది. ఆ వ్యాజ్యమునకు మూలము మన విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై చదువుచుండిన పదునేడేండ్ల బాలిక మరణము. నూరుగురు విద్యార్థులున్న ప్రతిచోటను శిక్షణపొందిన మానసిక సలహాదారుడుండవలెను. సిబ్బందికి ఏటికి రెండుమారులు శిక్షణ గరపవలెను. నలుగురిలో అవమానించుట, మార్కులనుబట్టి సెక్షన్లుగా విడదీయుట సాధ్యమైనంతవరకు మానవలెను. ఆ “సాధ్యమైనంతవరకు” అను మాట చాటున దాగి, సలహాదారుని పేరు గోడమీద వ్రాయించి, దాని ప్రక్కనే ర్యాంకుల పట్టికను వ్రేలాడగట్టు యాజమాన్యముల నేమనవలెను?

సలహాదారుడు వలదని మేమనము. కాని పదునారేండ్ల బాలుడు తనంతట తానా గుమ్మమెక్కునా? నిత్యము వాని ముఖము చూచువాడు అధ్యాపకుడు. గలగల మాటలాడినవాడు మూగవోవుట, అన్నము ముట్టకుండుట, ప్రియమైన వస్తువులను తోటివారికి పంచిపెట్టుట, ఇవన్నియు మొదట ఆతని కంటనే పడును. అప్పుడు గద్దింపు పనికిరాదు. ఏకాంతమున కూర్చుండబెట్టి, “నాయనా, బ్రతుకు భారముగా తోచుచున్నదా?” యని సూటిగా నడుగవలెను. అడిగినచో లేని తలంపు పుట్టునని పలువురు జంకుదురు. అది వట్టి యపోహ. ప్రాణాపాయము తోచినచో రహస్యము దాతునని మాట యీయరాదు. వానిని ఒంటరిగా విడువక తల్లిదండ్రులకును వైద్యునకును తెలుపవలెను. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ 14416 నంబరున రేయింబవళ్లు తెలుగునను పలుకును.

భయము లేనిదే చదువు రాదని వాదించు పెద్దలు నేటికిని గలరు. వారు కొలుచు మార్కు ఎంత నమ్మదగినదో 2019 ఏప్రిలునాటి తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు చూపినవి. తెలుగులో 99 రావలసిన బాలికకు సున్న వేసిరి! ఆ ఫలితముల వెనువెంట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మరణమునకు కారణమొక్కటే యుండదు, నిజమే. కాని పరీక్ష తప్పినవాడు తలయెత్తి మాటలాడదగిన గురువొక్కడైన వారికుండెనా యని అడుగకుండ నెట్లుందుము?

బందరున 1910లో జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారు మొదలగువారు దొరతనమువారి పట్టాల మోజును ఎదిరించిరి. దొరలు పోయిరి, ర్యాంకులు వచ్చినవి.

తప్పంతయు అధ్యాపకునిదే యనుట అన్యాయము. ఫలితములు తగ్గిన కొలువు పోవునను బెదరుతో రాత్రి దాక చదువుగంటలు కాయువాడు ఎవరి గోడు వినగలడు? వారమునకొక గంట, పాఠము లేకుండ, వినుటకే ఆతని కీయవలెను. తండ్రులారా, రుసుము చెల్లింపకముందే యడుగుడు: మీ కళాశాలలో సెక్షన్లు మార్కులనుబట్టియేనా? అవునన్నచో, మానుట యేల సాధ్యము కాలేదో వ్రాతమూలముగ చెప్పుమనుడు. ఆ యుత్తరమును జిల్లా కలెక్టరు అధ్యక్షతన నుండవలసిన పర్యవేక్షక సంఘమునకు పంపుడు.