పెంకుకీ పుట్టిల్లుంటుంది

మన్యం సంతలో కుండ బేరమాడే అవ్వ ముందు దాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గుతుంది. ఖంగుమంటే బాగా కాలినట్టు. లేదంటే పక్కన పెట్టేస్తుంది. వేల ఏళ్ల నాటి పెంకును ప్రయోగశాలలో అడిగేదీ ఇలాంటి ప్రశ్నే. ఎక్స్ కిరణాలు పంపి, ఏ ఖనిజాలు మిగిలాయో, ఏవి వేడికి రూపు మారాయో చూసి కుమ్మరి ఆము సెగను అంచనా కడతారు. 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, అందులోని రాతి రేణువులు పెంకు పుట్టింటి ఆనవాళ్లు చెబుతాయి.

ఈ సాక్ష్యం ఎంత గట్టిదో ఒక పాత పొరపాటు చెబుతుంది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడును తవ్విన పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, లోపల చుక్కల వలయాలున్న నున్నని పళ్లేలను చూసి మధ్యధరా సరుకనుకున్నాడు. అలాంటివే మన వంశధార ఒడ్డున శాలిహుండంలోనూ, బాలి ద్వీపంలోని సెంబిరాన్‌లోనూ దొరికాయి. మట్టిని పరీక్షిస్తే అవి మన దేశంలో చేసినవేనని తేలింది. 1997లో విశ్వాస్ గోగ్టే పరిశోధన బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్, తామ్లుక్ వైపు వేలు చూపింది.

కొండల విషయంలో మనది ఇప్పటికీ వీలర్ చూపే. అక్కడ నాణ్యమైన పెంకేదైనా దొరికితే కింద మైదానం నుంచి ఎక్కి వచ్చిందనేస్తాం. అది తేల్చాల్సింది మట్టి. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉండే శిలకు 1902లో టి.ఎల్. వాకర్ ఖోండలైట్ అని పేరు పెట్టాడు, ఇక్కడ కోదులని పిలిచే ఖోండుల పేరు మీద. గార్నెట్, సిల్లిమనైట్ దాని గుర్తులు. అయితే ఇక్కడో చిక్కుంది. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా సాగే గోస్తని భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి తీరపు ఇసుకలోనూ గార్నెట్ ఉంది. కాబట్టి భీమిలి పక్కనున్న పావురాళ్లకొండ పెంకులో ఎర్రని గార్నెట్ రేణువు కనబడినంత మాత్రాన అది అరకు నుంచి దిగిందనలేం.

పోల్చి చూడటానికి గెడ్డగెడ్డకీ, చెరువు చెరువుకీ గుప్పెడు మట్టి పోగెయ్యాలి. ఏ మట్టి సారె మీద నిలుస్తుందో, ఏది ఆములో పగులుతుందో కుమ్మరికి తెలుసు. విశ్వవిద్యాలయాలు ముందు ఆయన గుమ్మం తొక్కాలి. పొట్లం మీద గెడ్డ పేరుతో పాటు మట్టి చూపించినవాడి పేరూ రాయాలి. రాతికి జాతి పేరు పెట్టి నూరేళ్లు దాటింది. మట్టి పొట్లం మీద మనిషి పేరు రాయడానికి ఇంకెన్నాళ్లు?