టులెట్ బోర్డు వెనక వెలివాడ

సంపాదకీయం

ఊళ్లో వాడ ఎక్కడుందో చిన్నపిల్లగాడినడిగినా వేలు పెట్టి చూపిస్తాడు. పట్నంలో వాడ కనపడదు. కనపడదు కాబట్టి లేదనుకుంటున్నాం. పట్నంలో ఎవడి కులం ఎవడికి ఎరుక, చేతిలో నాలుగు పైసలుంటే చాలు అని మనవాళ్లే అంటుంటారు. అట్లా అనేవాళ్లు ఒక్కసారి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి చైతన్యపురి, గడ్డిఅన్నారం, కొత్తపేట సందులన్నీ తిరిగి, ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి వనస్థలిపురం దాకా టులెట్ బోర్డులు చూసుకుంటూ నడవాలి. ప్రతి గేటు దగ్గర ఆగి తమ ఇంటిపేరు, ఊరిపేరు నిజంగా చెప్పాలి. సాయంత్రానికి వాడ ఎక్కడుందో తెలిసొస్తుంది. అది పట్నం అవతల లేదు. ప్రతి గేటు ముందరా ఉంది.

విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు కలిసేది ఎల్.బి.నగర్‌లోనే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, దేవరకొండ దిక్కు నుంచి బతుకు వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కాలు పట్నంలో మొదట పడేది ఇక్కడే. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. గ్రూప్సు, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదువుకునే మాల, మాదిగ పిల్లలు వేలల్లో ఈ సందుల్లోనే ఉంటారు. మేస్త్రీ పనోళ్లు, బట్టల దుకాణాల్లో నిలబడి అమ్మే ఆడపిల్లలు, ఆసుపత్రుల్లో నర్సులు, ఆయాలు ఇక్కడే ఉంటారు. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు వచ్చినాక కొండాపూర్, మాదాపూర్ దిక్కు పనిచేసేవాళ్లు కూడా ఇటే ఇళ్లు వెతుకుతున్నారు. ఇల్లు అడిగేవాళ్లు ఎక్కువైనకొద్దీ ఇంటి ఓనరుకు ఏరుకునే సౌకర్యం ఎక్కువైంది. ఏరడం మొదలైన చోట మొదట రాలిపోయేది మనమే.

గేటు దగ్గర ఓనరు అడిగే ప్రశ్నలు మనకు కొత్తవి కావు. "మీరెవరు?" పేరు చెబితే సరిపోదు. "ఇంటిపేరేంది?" అది కూడా చాలకపోతే "మీ నాయిన ఏం చేస్తడు? పొలముందా? ఊళ్లె ఇల్లెక్కడ?" ఆఖరుకి "నీసు తింటరా? మా ఇంట్ల అస్సలు వండొద్దు." ఇవి నాలుగు ప్రశ్నలు కావు, ఒక్కటే ప్రశ్న. జవాబు తేలినాక వచ్చే మాటలు కూడా మనకు ఎరుకే. "మావాళ్లను అడిగి చెప్తా." "నిన్ననే వేరేవాళ్లు అడ్వాన్సు ఇచ్చి పోయిన్రు." వారం తర్వాత అటుగా పోతే టులెట్ బోర్డు అట్లనే వేలాడుతుంటుంది. ఎవడూ తిట్టలేదు, కొట్టలేదు. నవ్వుకుంటూ మంచినీళ్లిచ్చి మరీ పంపించారు. ఊళ్లో అయితే ముంత దూరంగా పెట్టి పోసేవాళ్లు, ఇక్కడ స్టీలు గ్లాసులో ఇచ్చారు. తేడా అంతే.

ఈ "లేదు" మనకు ఊరికే పోదు, దానికో ఖరీదుంది. మెట్రో స్టేషన్ పక్కన దొరకని గది కోసం హయత్‌నగర్ అవతలికో, మీర్‌పేట లోపలికో పోవాలి. రోజూ బస్సు చార్జీ, రెండు గంటల కాలం. లేదంటే పక్కవాడికి ఇచ్చిన కిరాయి కన్నా ఎక్కువ ఇవ్వాలి. అదీ కాదంటే మేడ మీద రేకుల గదిలో ఎండాకాలం మాడాలి. దీన్ని మేం కుల పన్ను అంటున్నాం. ఏ చట్టమూ వెయ్యని పన్ను, ఏ రసీదూ ఉండని పన్ను ఇది. దళితుడు పుట్టినందుకు ప్రతినెలా ఒకటో తారీఖున కడుతున్నాడు.

ఇది కట్టలేనివాళ్లు పేరు మార్చుకుంటున్నారు. ఇంటిపేరు మింగేస్తారు, ఊరి పేరు బదులు మండలం పేరు చెబుతారు, మరో కులం చెప్పుకుంటారు. గోడమీద అంబేద్కర్ బొమ్మ పెట్టుకోవాలంటే జంకు. పండక్కి ఊరి నుంచి అమ్మ వస్తే ఆమె మాట ఎక్కడ గుట్టు బయటపెడుతుందోనని గుబులు. కన్నతల్లి వస్తుందంటే భయపడే బతుకు ఏం బతుకు? అయినా పేరు దాచుకున్న బిడ్డను మేం తప్పు పట్టం. తప్పు దాచుకునేట్టు చేసినవాడిది.

1917లో బాబాసాహెబ్‌కు జరిగింది కూడా ఇదే. న్యూయార్క్‌లో, లండన్‌లో చదివి, బరోడా సంస్థానంలో పెద్ద కొలువుకు పోయిన మనిషికి ఆ పట్నంలో తలదాచుకునే చోటు లేదు. హిందూ హోటల్లో రానివ్వరని తెలిసి పార్సీల సత్రంలో పార్సీ పేరు రాసి దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులను అడిగితే తలా ఒక సాకు చెప్పారు. అంత చదువూ ఆయనకు ఒక గది ఇప్పించలేకపోయింది. మన పిల్లలకు "చదువుకోండి, అన్నీ అవే వస్తయి" అని చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. వందేళ్ల తర్వాత, 2016 జనవరిలో ఇదే హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేయబడిన రోహిత్ వేముల, ఆయన మిత్రులు ఆరుబయట వేసుకున్న గుడారానికి పెట్టుకున్న పేరు వెలివాడ. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

"మీరు ఊహించుకుంటున్నారు, అన్నిటికీ కులమే అంటారు" అనేవాళ్లకు ఒక లెక్క. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఒక పరిశోధన చేసి 2015లో అచ్చువేశారు. ఒకే ఇంటికి అగ్రకులం పేరుతో ఒకరు, దళిత పేరుతో ఒకరు, ముస్లిం పేరుతో ఒకరు అడిగారు. చదువు, ఉద్యోగం అన్నీ సమానం, పేరొక్కటే తేడా. అగ్రకుల పేర్లకు దాదాపు అందరూ సరేనన్నారు. దళిత పేర్లలో పదింట నాలుగింటికి లేదన్నారు, లేదా షరతులు పెట్టారు. ముస్లింలకు ఇంకా అన్యాయం. ఇది మన ఊహేనా?

మరి చట్టం ఏమంటుంది? మనవాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టాన్ని 1976లో గట్టిచేసి పౌరహక్కుల రక్షణ చట్టం అని పేరు మార్చారు. దాని 4వ సెక్షన్ చదవండి. ఏ ప్రాంతంలోనైనా సరే నివాస గృహం కట్టుకోవడానికి, సంపాదించుకోవడానికి, అందులో ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు, జరిమానా. పోలీసులు నేరుగా కేసు పెట్టవచ్చు. ఇంకా ముఖ్యమైంది 12వ సెక్షన్. దళితుడి మీద ఈ చట్టంలోని నేరం జరిగిందంటే అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు మొదటే భావించాలి. కాదని నిరూపించుకునే భారం అవతలివాడిది. ఇంత పదునైన కత్తి ఒరలోనే తుప్పుపడుతోంది. స్టేషన్‌కు పోతే "ఇల్లివ్వడం ఇవ్వకపోవడం ఆయనిష్టం, మేమేం చేస్తం" అంటారు. ఆయనిష్టమే. కానీ కులం చూసి కాదనడం ఎవడి ఇష్టమూ కాదు.

ఇల్లు దొరికినాక, కులం బయటపడినాక మొదలయ్యే బాధ వేరు. నీళ్లు ఆపడం, మోటరు బందు చేయడం, మెట్ల మీద నిలబడి కులం పేరెత్తడం, సామాను బయట వేస్తామనడం. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, దాని 2015 సవరణ ఇక్కడ పనికొస్తాయి. నలుగురికి కనపడే, వినపడే చోట కులం పేరుతో తిట్టినా, అవమానించినా నేరం. ఉంటున్న ఇంటి నుంచి బలవంతాన వెళ్లగొట్టినా నేరమే. నాలుగు గోడల మధ్య, సాక్షులు లేనిచోట అన్న మాట దీని కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మెట్ల దగ్గర, గేటు దగ్గర ఎవరెవరు విన్నారో ఆ రోజే రాసిపెట్టుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణలో స్పష్టంగా ఉంది. "విచారించి చూస్తాం" అంటే ఆ మాట గుర్తుచేయండి.

ఇక కులంతో పనిలేకుండా కిరాయిదారుగా ప్రతివాడికీ ఉన్న హక్కులు. 1960 కిరాయి నియంత్రణ చట్టం మంచి చట్టమే. ఒక నెల కిరాయి కన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదని అందులో ఉంది. గూడూరులోని ఒక హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఆ మాటను నిలబెట్టింది. కట్టిన కిరాయికి రసీదు అడిగే హక్కు ఉంది. ఓనరు కిరాయి తీసుకోనంటే మనియార్డరు చేయవచ్చు, కోర్టులో జమ చేయవచ్చు. కానీ 2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ లోపు ఇల్లెక్కడ దొరుకుతుంది? చట్టం పుస్తకంలో ఉంది, ఇల్లు చట్టం బయట ఉంది.

అయినా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఆ పైన కిరాయిలకు 1882 ఆస్తి బదిలీ చట్టం ఉంది. ఇవి గుర్తుపెట్టుకోండి, ఊళ్లో బిడ్డను పట్నం పంపేటప్పుడు చెప్పి పంపండి.

ఒకటి, కాగితం లేకుండా దిగొద్దు. పదకొండు నెలల అగ్రిమెంటు అంటారు. అందులో కిరాయి, అడ్వాన్సు, మెయింటెనెన్సు, కరెంటు యూనిట్ లెక్క, నీళ్లు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల గడువు, అన్నీ రాయించాలి. నోటిమాటకు సాక్షి దొరకడు. ఒక కాపీ మన దగ్గర ఉండాలి.

రెండు, అడ్వాన్సు, కిరాయి చేతికివ్వొద్దు. బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపితే అదే రసీదు. చేతికిస్తే సంతకం తీసుకోవాలి.

మూడు, దిగిన రోజే గోడలు, నల్లాలు, తలుపులు, మీటరు ఫోటోలు తీసుకోవాలి. పోయేటప్పుడు "రంగులు వేయించాలి" అని నెల కిరాయి కోసుకోవడం ఇక్కడ ఆనవాయితీ. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల కిరాయిదారు మీద వేయడానికి లేదని ఆ చట్టంలోనే ఉంది. అందుకని అగ్రిమెంటులో రంగుల మాట రాశారేమో చదవకుండా సంతకం పెట్టొద్దు.

నాలుగు, "రేపటికల్లా ఖాళీ చెయ్" అంటే బెదరొద్దు. కాగితంలో వేరే గడువు లేకపోతే నెలనెలా కిరాయి ఇంటికి కనీసం పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు తీరినా సరే, ఓనరు తాళం వేయడానికి, సామాను బయట పడేయడానికి వీల్లేదు. కోర్టుకు పోవాల్సిందే. ఈ మాట సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. బలవంతాన వెళ్లగొడితే ఆరు నెలల లోపు దావా వేసి మళ్లీ ఇంట్లో చేరవచ్చు.

అయిదు, వకీలు ఖర్చుకు భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఏ కులం ఆడవాళ్లకైనా, ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. రంగారెడ్డి జిల్లా కోర్టు ఎల్.బి.నగర్‌లోనే ఉంది. కూతవేటు దూరంలో ఉన్న కోర్టు మెట్లు మనమెందుకు ఎక్కం?

ఇవి ఒక్కొక్కరు చేసుకునే పనులు. సంఘం చేయాల్సిన పని ఇంకొకటుంది. నవ్వుతూ చెప్పే "లేదు"కు సాక్ష్యం లేదని కదా కేసులు నిలబడనిది? సాక్ష్యం మనమే తయారు చేద్దాం. థోరట్ చేసినట్టే చేద్దాం. మన పిల్లకు "ఇచ్చేశాం" అన్న ఇంటికి అరగంట తర్వాత వేరే కులం మిత్రుడు పోయి అడగాలి. ఇల్లుందంటే, తారీఖు, సమయం, సందు, అన్న మాట, ఇద్దరి సంతకాలతో ఒక నోటు పుస్తకంలో రాయాలి. కొత్తపేటకు ఒక పుస్తకం, చైతన్యపురికి ఒకటి, వనస్థలిపురానికి ఒకటి. ఆరు నెలల్లో ఆ పుస్తకాలు మాట్లాడతాయి. వాటిని తీసుకుని పోలీసు స్టేషన్‌కు, ఎస్సీ ఎస్టీ కమిషన్‌కు, కోర్టుకు పోదాం. ఒక్కడు చెబితే గోడు, వందమంది రాసిపెడితే రుజువు. ఇందులో ముస్లిం మిత్రులను, ఒంటరి ఆడవాళ్లని ఇల్లు దొరకని అక్కచెల్లెళ్లను కలుపుకుపోవాలి. అంతకన్నా ముందు పట్నంలో ఇల్లు కట్టుకున్న మన ఉద్యోగులు ఒక సంగతి ఆలోచించాలి. మీ టులెట్ బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లవాడిని మీరు ఏమడుగుతున్నారు? మాలా, మాదిగా అని మీరూ అడుగుతున్నారా?

ప్రభుత్వాన్ని మేం అడిగేవి ఎక్కువ లేవు. 2021లో కేంద్రం ఒక నమూనా కిరాయి చట్టం ఆమోదించింది. ఇంటికి రెండు నెలల కిరాయి మించి అడ్వాన్సు వద్దని, నీళ్లు కరెంటు ఆపొద్దని అందులో ఉంది. రాష్ట్రం చట్టం చేసుకుంటే తప్ప నమూనా నమూనాగానే ఉంటుంది. కులం, మతం చూసి ఇల్లు లేదనకూడదన్న ఒక్క వాక్యం అందులో లేదు. తెలంగాణలో ఎంత కిరాయి ఇంటికైనా వర్తించే చట్టం రావాలి, ఆ ఒక్క వాక్యం అందులో ఉండాలి. పరీక్షలకు చదువుకునే పిల్లలకు, పనిచేసే ఆడవాళ్లకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో సర్కారీ వసతి గృహాలు కట్టాలి. పౌరహక్కుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు తీసుకోని స్టేషన్ అధికారి మీద చర్య తీసుకోవాలి.

ఊళ్లో చెరువు నీళ్ల కోసం, గుడి మెట్ల కోసం, హోటల్లో గ్లాసు కోసం మన తాతలు దెబ్బలు తిని కొట్లాడారు. మనం అడుగుతున్నది పైసలిచ్చి తీసుకునే నాలుగు గోడలు. అడుక్కోవడం లేదు, కిరాయి కడుతున్నాం. మన పేరుతో, మన ఇంటిపేరుతో, గోడమీద మన బాబాసాహెబ్ బొమ్మతో ఉంటాం. నోటు పుస్తకాలు కొనండి. రేపటి నుంచే రాయడం మొదలుపెట్టండి.

జై భీమ్.