దర్శనం వార్తయింది, యుద్ధం వార్త కాలేదు

తిరుమలకు పెద్దలు వస్తే మన పత్రికలకు పండగే. ఎవరు స్వాగతం పలికారు, రంగనాయకుల మండపంలో ఎవరు తీర్థప్రసాదాలు అందించారు అన్నీ ఫొటోతో సహా వస్తాయి. తప్పు లేదు, కొండ కింది ఊరికి అది రోజువారీ వార్త. కానీ వచ్చినాయన ఒక యుద్ధం నడిపిన దేశాధ్యక్షుడైతే? ఆ యుద్ధం మీద ఐక్యరాజ్యసమితి నిపుణులే తీవ్ర ఆరోపణలు నమోదు చేసి ఉంటే? అప్పుడు కూడా ప్రసాదం దగ్గరే కలం ఆగిపోవాలా?

2013 ఫిబ్రవరిలో, మళ్లీ 2014 డిసెంబరులో అప్పటి శ్రీలంక అధ్యక్షుడు మహింద రాజపక్స తిరుమలకు వచ్చారు. ఎండీఎంకే కార్యకర్తలు తిరుపతికి వచ్చి నిరసన తెలిపారు. పోలీసులు వాళ్లను పట్టుకుపోయారు. అలాంటి రోజున మన జిల్లా పేజీల్లో నిరసనకారుడికి దక్కే మాటలు మూడే: ఉద్రిక్తత, అరెస్టు, భారీ బందోబస్తు. ఆయన ఎందుకొచ్చాడు, ఏమడిగాడు అన్నది ఆఖరి రెండు లైన్లు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్న ప్రాంతం ఇది. వాళ్లకైనా ఆ సంగతి చెప్పొద్దా?

ఆ సంగతి ఏమిటి? 2009 మేలో శ్రీలంక యుద్ధం ముగిసింది. చివరి నెలల్లో స్వతంత్ర విలేఖరులను యుద్ధభూమిలోకి పోనివ్వలేదు. ఆ ఏడాది జనవరి 8న ‘సండే లీడర్’ సంపాదకుడు లసంత విక్రమతుంగను కొలంబోలో పట్టపగలు చంపేశారు. ఇక మిగిలింది ఏమిటి? ప్రభుత్వం ఇచ్చిన ప్రకటన, పులుల పక్షం ఇచ్చిన ప్రకటన. లోకమంతా వాటినే అచ్చేసుకుంది.

ఆ గోడకు కన్నం పెట్టింది దేశం వదిలిపోయిన పాత్రికేయుల సంఘం, ‘జర్నలిస్ట్స్ ఫర్ డెమోక్రసీ ఇన్ శ్రీలంక’. బందీలను కాల్చి చంపుతున్న వీడియోను వాళ్లు సంపాదించారు. బ్రిటన్‌లోని చానెల్ 4 దాన్ని 2009 ఆగస్టులో ప్రసారం చేసింది. కట్టుకథ అంది కొలంబో. ఐరాస ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ నిపుణులతో పరీక్ష చేయించి, అది నిజమైనదిగానే కనిపిస్తోందని 2010 జనవరిలో చెప్పారు. 2011 ఏప్రిల్‌లో ఐరాస నిపుణుల నివేదిక వచ్చింది. 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చన్న అంచనాను కొట్టిపారేయలేమంది. పారిపోతున్న జనాన్ని పులులు కాల్చారని, జనాన్ని కవచంగా వాడుకున్నారని కూడా అదే నివేదిక రాసింది. తమిళ సంఘాలు మొదటి మాట గట్టిగా చెప్పి రెండోది మింగేస్తే అదీ మోసమే.

అవతలి పక్షం ఊరుకోలేదు. 2011 జూన్‌లో చానెల్ 4 డాక్యుమెంటరీ వేస్తే ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు ఫిర్యాదులు పోయాయి. నియమాల ఉల్లంఘన లేదని ఆ సంస్థ తేల్చింది. శ్రీలంక రక్షణ శాఖ పోటీగా ఇంకో చిత్రం తీసింది. ‘ఎంగేజ్ శ్రీలంక’ అనే బృందం చానెల్‌ను తప్పుపడుతూ ఏకంగా పుస్తకమే వేసింది. వేయనివ్వండి. అది వాళ్ల హక్కు. మాటకు మాట, ఆధారానికి ఆధారం.

హక్కు కానిది ఒకటుంది, నోరు నొక్కడం. చానెల్ 4 చిత్రం తీసిన కాలమ్ మాక్‌రేదే ‘నో ఫైర్ జోన్’. దానికి 2014 ఫిబ్రవరిలో మన సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ నిరాకరించింది. అదే ఏడాది డిసెంబరులో రాజపక్సకు తిరుమలలో స్వాగతం! సినిమాకు తలుపు మూశారు, సినిమాలో నిందితుడికి తలుపు తీశారు. మన పత్రికల్లో ఈ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి చూసినవారెందరు?

సంఘం ఎవరి పక్షమైనా కావచ్చు. అడగాల్సింది ఒక్కటే: అది ఇంకొంచెం నిజం బయటపెట్టమంటోందా, ఉన్న నిజాన్ని దాచమంటోందా? 2023 అక్టోబరు తర్వాత గాజాలోకి విదేశీ విలేఖరులను స్వతంత్రంగా పోనివ్వకపోతే విలేఖరుల సంఘం ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకు ఎక్కింది. అది మొదటి రకం.

‘మన నీళ్లు, మన కొలువుల సంగతి ఉండగా పరాయి యుద్ధం మనకెందుకు’ అని కొందరు మిత్రులు అంటారు. అలవాటు ఒకటే కాబట్టి. దూరదేశపు యుద్ధానికి సర్కారు ప్రకటనే వార్త అనుకున్న డెస్కు, దగ్గరి ఉద్యమానికి పోలీసు ప్రకటనే వార్త అనుకుంటుంది. మన సభకొచ్చిన జనం కనబడరు, ఆగిపోయిన బస్సులు కనబడతాయి. ఇది మనకు కొత్తా?

జాఫ్నాకు విలేఖరిని పంపమని ఎవరూ అడగడం లేదు. తిరుపతి వీధిలో జెండా పట్టుకున్న మనిషిని ‘ఎందుకయ్యా వచ్చావు’ అని అడగమంటున్నాం. దానికి విమానం టిక్కెట్ అక్కర్లేదు.

విద్యార్థులు, ఉద్యోగులు చేయగలిగిన పని ఉంది. వార్త కత్తిరించి పెట్టుకోండి. లెక్క ఎవరిచ్చారు, ఎదుటి మాట ఏది అని సంపాదకుడికి పేరు పెట్టి ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్ ఉంది. దినపత్రిక మీదైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. కౌన్సిల్ శిక్ష వేయలేదు, మందలించగలదు, అంతే. అయినా రాయాలి. అడగని పాఠకుడికి ప్రసాదం ఫొటోనే దక్కుతుంది.